అద్దె ఇంటికి ఏ గొడుగు మేలు?

ఇల్లు మారాలంటే మనకి ముందుగా ఏం గుర్తొస్తాయి చెప్పండి? దేవుడి పటాలు, పాలు పొంగించే గిన్నె, గ్యాసు పుస్తకం, పిల్లల స్కూలు కాగితాలు. టీవీ గొడుగు మాత్రం సామానంతా ట్రాలీ ఆటో ఎక్కించి, ఇంటివాళ్ళకి తాళంచెవి ఇచ్చేసే వేళకి గాని గుర్తు రాదు. "అయ్యో, పైన డిష్ ఉండిపోయిందే!" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మొదలవుతుంది పానా కోసం వెతుకులాట. పానా ఏ మూటలో కట్టామో ఎవరికీ తెలీదు!

నాలాగా అద్దె ఇళ్ళల్లో సంసారం చేసే అక్కచెల్లెళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి, ఈ గొడుగు సంగతి ఒకసారి తీరిగ్గా మాట్లాడుకుందాం. మేడకి బోల్టులు కొట్టి గట్టిగా బిగించుకోవడం మేలా? లేక ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోయేలా స్టాండు మీద నిలబెట్టుకోవడం మేలా?

"ఈ రోజుల్లో డిష్ ఎవరు చూస్తున్నారండీ, అంతా ఫోన్లోనే కదా" అంటారేమో. నిజమే. 2016లో జియో వచ్చాక మా పిల్లలు టీవీ ముందు కూర్చోవడం తగ్గిపోయింది. మావారు కూడా వార్తలు ఫోన్లోనే చూస్తారు. కాని మా అత్తయ్యగారి సంగతి వేరు. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయితే బాగానే అయింది గాని, వాకర్ పట్టుకుని మంచం నుంచి బాత్రూము దాకా, అంతే. ఫోను చేతికిస్తే వేలు ఒక చోట పెడితే ఇంకో చోట తెరుచుకుంటుంది, విసుగొచ్చి పక్కన పడేస్తారు. రిమోట్‌లో మాత్రం ఏ మీట ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతారు. తెల్లవారుజామున ఎస్వీబీసీలో సుప్రభాతం, మధ్యాహ్నం వేంకటేశ్వరస్వామి కల్యాణం, సాయంత్రం రెండు సీరియళ్ళు. ఆవిడ రోజుకి ఇవే గంటలు. కల్యాణం అయితే గాని అన్నం ముట్టరు.

పోయిన డిసెంబరులో అలియాబాద్ నుంచి ఇక్కడికి జహనుమాకి మారినప్పుడు నాలుగు రోజులు టీవీ లేదు. గొడుగు బిగించే కుర్రాడు ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని కంపెనీ వాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఆ నాలుగు రోజులూ ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఇవాళ ఏ వారమే?" అని రోజుకి నాలుగుసార్లు అడిగారు. కంచంలో అన్నం సగం అలాగే వదిలేశారు. అప్పుడే నేను అనుకున్నాను, ఇక మీదట మా ఇంట్లో టీవీ రావడం ఇంకొకరి రాకపోకల మీద ఆధారపడకూడదని.

మా పేట పేరు విన్నారా? జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపించేది. ఆ పక్కనే ఫలక్‌నుమా. ఫలక్ అంటే ఆకాశం. ఆకాశం పక్కన లోకాన్ని చూపించే పేట! డిష్ యాంటెన్నాకి ఇంతకంటే మంచి చిరునామా ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రం మేడెక్కి చూస్తే నీళ్ళ ట్యాంకుల మధ్య ఎన్ని గొడుగులో. ఇక్కడివాళ్ళు ఛత్రీలంటారు. కొన్నిటికి తుప్పు పట్టి వైరు కూడా లేదు. మారిపోయినవాళ్ళు వదిలేసినవి. ఇప్పటామె తీసి పడేయదు, పాతామె తిరిగి రాదు.

గొడుగుల గురించి అత్తయ్యగారు ఒక పాత సంగతి చెబుతారు. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు అమెరికావాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని వాడుకుని మన ప్రభుత్వం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెల్లో టీవీ చూపించింది. మన తెలుగు పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో గొడుగు అంటే పదడుగుల వెడల్పు, కోళ్ళ గూడుకి కొట్టే ఇనుప వలతో చేసింది. ఊరంతటికీ ఒక్క టీవీ, దాని ముందు ఊరంతా. ఆ గొడుగు కింద బట్టలారేసుకోవచ్చు అనిపించిందట ఆవిడకి! ఆ తరువాత కేబుల్ వాళ్ళ మేడల మీద మనిషికంటే పెద్ద తెల్ల గొడుగులు మనమూ చూశాం. ఇంటింటికీ చిన్న గొడుగు 2003లో డిష్ టీవీతో మొదలయింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ వారు నెల నెలా కట్టక్కర్లేని డీడీ డైరెక్ట్ ప్లస్ పెట్టారు, ఇప్పుడు దాన్నే ఫ్రీ డిష్ అంటున్నారు. 2006లో టాటా స్కై, ఇప్పుడది టాటా ప్లే. గొడుగు అంతకంతకూ చిన్నదై రెండడుగులకి వచ్చింది కాబట్టే మనం దాన్ని చంకలో పెట్టుకుని ఇల్లు మారగలుగుతున్నాం.

సరే, అసలు విషయానికి వస్తాను.

అలియాబాద్ ఇంట్లో మాది మేడకి బిగించిన గొడుగే. బిగించిన కుర్రాడు పిట్టగోడకి కొట్టకుండా, తనకి వీలుగా ఉంటుందని స్లాబుకే నాలుగు రంధ్రాలు చేసి బోల్టులు దించాడు. అప్పుడు పైన మా వాళ్ళెవరూ లేరు. మూడు వానాకాలాలు గడిచేసరికి కింద ఇంటివాళ్ళ గదిలో పైకప్పు చెమ్మగిల్లింది. అది మా బోల్టుల వల్లేనా, వాళ్ళ ట్యాంకు కారడం వల్లనా అన్నది దేవుడికే తెలియాలి. ఖాళీ చేసేటప్పుడు మాత్రం అడ్వాన్సులో రెండు వేలు పట్టుకున్నారు. నెలకి వచ్చే జీతంలో రెండు వేలంటే మనకి ఎంతో వేరే చెప్పాలా? మావారు లాడ్ బజారులో గాజుల కొట్లో లెక్కలు రాస్తారు. ఆ రెండు వేలు మా ఇంట్లో నెల కూరగాయలు.

అందుకని ఈ ఇంట్లో దిగగానే ఇంటామెని అడిగాను. మేమంతా ఆవిడని ఖాలా అంటాం. అరవై దాటిన మనిషి, మాట సూటిగా ఉంటుంది. "బేటీ, టీవీ నీది, ఛత్ నాది. ఛత్రీ పెట్టుకో, రంధ్రం మాత్రం వద్దు" అంది. తప్పేముంది? ఆవిడ ఇల్లు ఆవిడది.

మావారికి మాత్రం స్టాండు మీద నమ్మకం లేదు. "మే నెలలో గాలిదుమారం వస్తే నీ స్టాండు ఎగిరి ఎవరి నెత్తిన పడుతుందో! పిట్టగోడకి రెండు బోల్టులు కొడదాం, ఖాలాని నేను ఒప్పిస్తాను" అన్నారు. ఆయన భయం ఉత్తదేం కాదు. గొడుగు గాలికి తెరచాపలాంటిది. కాని ఒప్పించి కొట్టించుకున్న బోల్టుకి రేపు ఖాళీ చేసేనాడు లెక్క కట్టరని ఏమిటి? రెండు రోజులు ఇదే మాట మీద ఇద్దరం మొహాలు ముడుచుకున్నాం. చివరికి బరువు సంగతి నేను చూస్తానన్నాను.

ఏం చేశానో చెబుతాను, మీకూ పనికొస్తుంది. ఇరవై లీటర్ల పాత పెయింటు బకెట్టు ఒకటి తీసుకున్నాం. పాత ఇనుము కొట్లో రెండున్నర అడుగుల గట్టి పైపు కొన్నాం. వీధిలో పని చేస్తున్న తాపీమేస్త్రీని బతిమాలి, పైపుని బకెట్టు మధ్యలో నిలబెట్టి సగం దాకా కంకర కలిపిన సిమెంటు పోయించాం. పైపు అడుగున అడ్డంగా ఒక ఇనుప ముక్క కట్టాలి, లేకపోతే సిమెంటులో పైపు గిర్రున తిరుగుతుంది. మేస్త్రీ దారానికి గుండు కట్టి పైపు నిలువు చూశాడు. ఈ నిలువు చాలా ముఖ్యం, ఎందుకో తరువాత చెబుతాను. మూడు రోజులు నీళ్ళు చల్లి ఆరనిచ్చాం. బకెట్టు నిండా సిమెంటు పోస్తే యాభై కేజీల దాకా వస్తుంది, ఇక దాన్ని మెట్లు దింపేదెవరు? సగమైతే పాతిక. మిగతా సగంలో ఇటుకలు పేర్చి, సందుల్లో ఇసుక పోశాం. పైన ఇంకో రెండు ఇసుక సంచులు. ఇల్లు మారేటప్పుడు ఇటుకలు, ఇసుక ఇక్కడే వదిలేసి ఉత్త బకెట్టు తీసుకుపోవచ్చు. బకెట్టు కింద పాత గోనెపట్టా మడిచి వేశాను, ఖాలా మేడ గచ్చు గీసుకుపోకుండా. ఆవిడ పైకొచ్చి చూసి, బకెట్టుని కాలితో ఒకసారి నెట్టి, కదలకపోయేసరికి "అచ్ఛా" అని వెళ్ళిపోయింది.

ఇక గొడుగు ఎటు తిప్పాలి? ఇదే మనల్ని భయపెట్టే విషయం. నిజానికి దోసె తిప్పడం కంటే కష్టం కాదు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితో సమంగా తిరుగుతాయి కాబట్టి మనకి ఒకేచోట నిలబడినట్టుంటాయి. మనం భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నాం, అందుకే మన గొడుగులన్నీ దక్షిణం వైపు చూస్తాయి. హైదరాబాదు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంటే, ఫ్రీ డిష్ చానెళ్ళు వచ్చే జీశాట్-15 93.5 దగ్గర ఉంటుంది. అంటే మనకి సరిగ్గా ఆగ్నేయ మూల. మన వంటిల్లు ఉండాల్సిన మూల, అలా గుర్తు పెట్టుకోండి! ఒక్కో కంపెనీది కాస్త దక్షిణానికో, కాస్త తూర్పుకో జరిగి ఉంటుంది. మేడెక్కి చుట్టుపక్కల మీ కంపెనీ పేరున్న గొడుగులు ఎటు చూస్తున్నాయో చూడండి. బిగించే కుర్రాళ్ళు చేసేదీ అదే.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే ఒక కన్ను ఆగ్నేయం మీద వేయండి. ఉత్తరం బాల్కనీ, పడమర బాల్కనీ ఎంత విశాలంగా ఉన్నా గొడుగుకి పనికిరావు. తూర్పు, దక్షిణం తెరపి కావాలి. ఇరుకు గల్లీల్లో ఉన్నామని బెంగ పడనక్కర్లేదు. మన ఊళ్ళో ఆ ఉపగ్రహం బాగా నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. ఎదురు గోడ మన గొడుగుకంటే పదడుగులు ఎత్తున్నా, ఆరేడడుగులు వెనక్కి జరిపితే ఫ్రీ డిష్‌కి సరిపోతుంది. గొడుగు మొహం చూస్తే ఎదుటి మేడవైపు చూస్తున్నట్టుంటుంది గాని, దాని అసలు చూపు ఇంకా పైకి. కళ్ళజోడు పైనుంచి మనల్ని చూసే పెద్దావిడ లేదూ, అలాగన్నమాట.

పైపు నిలువు ముఖ్యమన్నాను కదా. గొడుగుకి రెండు రకాల తిప్పుళ్ళు ఉంటాయి. పైకీ కిందకీ ఒకటి, పక్కలకి ఒకటి. ఒకే ఊళ్ళో ఒక పేట నుంచి ఇంకో పేటకి మారితే పైకీ కిందకీ ఉన్న కొలత మారదు. లాల్ దర్వాజాలో ఎంతో జహనుమాలోనూ అంతే. ఆ బోల్టు అసలు వదులు చెయ్యకండి. నేను ఆ బోల్టు మీదా, దాని పక్క రేకు మీదా కలిసేలా గోళ్ళరంగుతో గీత గీశాను. జరిగితే గీత విడిపోయి తెలిసిపోతుంది. ఎల్.ఎన్.బి. తిప్పిన తీరుకి కూడా అలాగే గీత. ఇక మిగిలింది పక్కలకి తిప్పడం ఒక్కటే. పైపు నిటారుగా ఉంటేనే ఈ సుఖం. వాలి ఉంటే రెండూ మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి.

వెనకటికి రామాయణం రోజుల్లో మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అరిచేవాళ్ళం కదూ. ఇప్పుడు మా అబ్బాయి పైన, నేను టీవీ దగ్గర, ఫోన్లో వీడియో కాల్. సెట్‌టాప్ బాక్సు మెనూలో సిగ్నలు ఎంతుందో చూపించే గీతలుంటాయి. గొడుగుని వేలెడంత తిప్పి రెండు నిమిషాలు ఆగాలి, మళ్ళీ వేలెడంత. గబగబా తిప్పితే బాక్సు పట్టుకోలేదు. నేను, అబ్బాయి మొదటిసారి గంట తీసుకున్నాం, ఇప్పుడు పావుగంట.

మేడకి బిగించిన గొడుగుకి ఉన్న గుణం కూడా చెప్పాలి. సొంత ఇల్లయితే నేనూ పిట్టగోడకి బిగించుకునేదాన్నే. ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి దాని మొహం చూడక్కర్లేదు. గాలికి చలించదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా ఫలక్‌నుమా వంతెన దెబ్బతింది, అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. ఆ రాత్రి అలియాబాద్ ఇంటి మేడ మీద గొడుగు అంగుళం కూడా జరగలేదు. వాన జోరుగా ఉన్నంతసేపూ సిగ్నలు పోయింది, అది ఏ గొడుగుకైనా తప్పదు. వాన తెరిపివ్వగానే బొమ్మ వచ్చేసింది.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురికి ఇదంతా చెబితే ఒకటే నవ్వు. అక్కడ ఆర్.వి. అని చక్రాల మీద ఇల్లు ఉంటుందట. మంచం, వంటిల్లు అన్నీ అందులోనే. వాళ్ళకీ ఇదే తగవట! బండి పైకప్పుకే గొడుగు బిగించుకున్నవాళ్ళు మీట నొక్కి కూర్చుంటారు, కాని బండిని చెట్టు నీడన ఆపితే బొమ్మ రాదు. విడి గొడుగు వాళ్ళు బండిని నీడలో, గొడుగుని ఎండలో పెట్టుకోవచ్చు, కాని ఆగిన ప్రతిచోటా దింపి సరిచేసుకోవాలి, ఎవరైనా ఎత్తుకుపోకుండా చూసుకోవాలి. "మాది కూడా చక్రాల ఇల్లే తల్లీ, పదకొండేళ్ళలో మూడు గుమ్మాలు మారాం" అన్నాను.

మా మరిదికి పదిహేడు సీట్ల వ్యాను ఉంది. షిర్డీ, తిరుపతి, శ్రీశైలం యాత్రలకి తిప్పుతాడు. "వదినా, వ్యాను మీద గొడుగు బిగిస్తే దారిపొడుగునా ముసలాళ్ళకి భక్తి చానెల్ వేయొచ్చు కదా" అన్నాడు. రెండడుగుల గొడుగు రెండు మూడు డిగ్రీలు పక్కకి జరిగినా బొమ్మ పోతుంది. రోడ్డు ఒక్క మలుపు తిరిగితే చాలు, గొడుగు ఆగ్నేయం వదిలేసి నైరుతి చూస్తుంది. ఓడల మీద వాటంతట అవే తిరిగి ఉపగ్రహాన్ని పట్టుకునే మోటారు గొడుగులుంటాయి, కాని వాటి ఖరీదు మా మరిది అందుకునేది కాదు. అందుకని వాడు ముక్కాలి స్టాండు ఒకటి, ఫ్రీ డిష్ గొడుగు ఒకటి వ్యాను వెనక పెట్టుకున్నాడు. రాత్రి సత్రం దగ్గర ఆగాక దింపుతాడు. ఫ్రీ డిష్‌లో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి గాని మన సీరియళ్ళ చానెళ్ళన్నీ రావు. దానికి నెల డబ్బులు, చిరునామా గొడవ లేదు. డబ్బు కట్టే కనెక్షన్ అయితే ఇల్లు మారినప్పుడు కంపెనీకి కొత్త చిరునామా రాయించాలి, మరిచిపోకండి.

స్టాండు గొడుగుతో అప్పుడప్పుడు చిక్కులూ ఉన్నాయి. గాలివాన తరువాత మేడెక్కి చూసుకోవాలి. నేను బకెట్టు చుట్టూ గచ్చు మీద సుద్దతో గీత గీసి పెట్టాను, చెరిగితే మళ్ళీ గీస్తాను. వైరు కిటికీలోంచి తెచ్చేటప్పుడు కిందికి ఒక వంపు వదలండి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, ఇంట్లోకి రాదు. మిగిలిన వైరుని పదిసార్లు చుట్టి మేడ మీద వదిలేస్తే ఎండకి చీలుతుంది, కావలసినంతే ఉంచుకోండి. ఇక సంక్రాంతి! పాతబస్తీలో పతంగుల సంగతి తెలుసుగా. తెగిన మాంజా వచ్చి ఎల్.ఎన్.బి. చెయ్యికి చుట్టుకుంటుంది. వీధిలో పిల్లలు ఆ దారం లాగితే గొడుగు మొహం తిరిగిపోతుంది. ఆ మూడు రోజులూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే వెళ్ళి కత్తెరతో దారాలు కోసి వస్తాను.

ఫిబ్రవరిలో ఒకరోజు నట్టనడి కల్యాణంలో బొమ్మ పోయింది. వాన లేదు, మబ్బు లేదు. అత్తయ్యగారు "ఏమయిందే, ఏమయిందే" అని ఒకటే గాభరా. మేడెక్కి చూద్దును గదా, ఖాలా కొత్త తాడు కట్టి, తడి దుప్పటి సరిగ్గా మా గొడుగు ముందు ఆరేసింది! తడి గుడ్డలోంచి సిగ్నలు రాదు. మేడ ఆవిడది, దుప్పటి ఆవిడది, తియ్యమని ఎలా అంటాను? ఇసుక సంచులు దింపి, అబ్బాయిని పిలిచి ఇద్దరం బకెట్టుని తాడుకి ఇవతలగా నాలుగడుగులు జరిపాం. గొడుగు మొహం తిరక్కుండా గీత చూసుకుంటూ జరిపాం కాబట్టి కాస్త సరిచేస్తే చాలింది. కింద తలంబ్రాల వేళకి స్వామి వచ్చేశాడు. మావారు రాత్రి ఇంటికొచ్చాక ఈ సంగతి విని ఏమీ అనలేదు, బకెట్టు చూడ్డానికి మాత్రం పైకి వెళ్ళొచ్చారు.

ఇప్పుడు మా ఆగ్నేయం వైపు మేడవాళ్ళు ఇంకో అంతస్తు లేపుతున్నారు. పిల్లర్ల చువ్వలు పైకి లేచాయి, వచ్చే నెల స్లాబు అంటున్నారు. వాళ్ళ గోడ పది అడుగులు పెరుగుతుంది, మేం ట్యాంకు అవతలివైపుకి జరిగితే చాలు, అక్కడ తెరపి ఉంది. ఖాలాని అడిగాను, సరేనంది. ఇటుకలు మోయడానికి మా అబ్బాయికి ఆదివారం తీరికే. అత్తయ్యగారి కల్యాణం అయ్యాకే మొదలుపెట్టమని చెప్పాను.